ఆటోమేటిక్ పీకేసి మాన్యువల్ వేయిద్దామా? కడప తమ్ముడికి జవాబు

కడప నుంచి ఒక తమ్ముడు రాసినాడు. ఉత్తరం శానా పెద్దది, అందులో ముఖ్యమైనంత వరకు ఈడ పెడతాన్నా:

"అన్నా, పోయినేడు ఒక ఐ10 ఆటోమేటిక్ కొన్నాము, 2011 మోడల్, 1.2 కప్పా ఇంజను, లక్షా పదివేలకి వచ్చింది. మా నాయనకి రాయచోటిలో అంగడి ఉంది, వారానికి మూడు రోజులు పోయొస్తాడు. నెల నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తాది గానీ బండి గుంజదు. కడప ఊర్లో మాత్రం బాగానే తిరుగుతాది. ఒక మెకానిక్ గేర్‌బాక్సు పోయింది, విప్పి చేయాలంటే 75 వేలు అన్నాడు. ఇంకో షెడ్డులో ఆటోమేటిక్ పీకేసి మాన్యువల్ వేస్తాం, 30 వేలు, మూడు రోజులు చాలు అంటాన్నారు. మా ఎదురింటాయన కూడా సెలేరియోని అట్లనే మార్పించినాడంట, రెండు దినాల్లో అయిపోయిందంట. చేయించమంటావా? మా నాయనకి ఎడమ మోకాలు నొప్పి, అందుకే అప్పుడు ఆటోమేటిక్ తీసుకున్నాం, ఇప్పుడు ఇంత ఖర్చంటే ఏం చేయాల్నో తెలీడం లేదు."

తమ్ముడూ, నువ్వు ఉత్తరం ఆఖర్లో రాసిన మాట నాకు మొదట కనపడింది. మోకాలి సంగతి. దానికి మళ్ళీ వస్తా, ముందు బండి సంగతి చూద్దాం, ఎందుకంటే నువ్వు ఇంకా ఏదీ విప్పకుండానే విప్పేదాని గురించి అడుగుతున్నావు. ఆ గేర్‌బాక్సు నిజంగా పోయిందా లేదా అనేది ఎవరూ చూసినట్టు నీ ఉత్తరంలో లేదు. మెకానిక్ ఆయిల్ గేజి తీసి చూసినాడా? బండి కంప్యూటరులో తప్పులు చదివే స్కానర్ పెట్టినాడా? రెండూ చేసుంటే నువ్వు రాసేవాడివి. ఒక రౌండు తోలి చూసి 75 వేలు అన్నాడనే నాకు అర్థమైంది.

ఊర్లో బాగుండి ఘాట్‌లో మాత్రమే గుంజకపోవడం అనేది నాకు పెద్ద గుర్తు. ఆటోమేటిక్‌లో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య క్లచ్ ప్లేటు ఉండదు, టార్క్ కన్వర్టర్ ఉంటాది, దాన్నిండా ఆయిలు. బకెట్ నీళ్ళలో చెయ్యి పెట్టి గిర్రున తిప్పితే పైన తేలే ఆకు కూడా తిరుగుతాది చూడు, అట్ల ఇంజను ఆయిల్‌ని తిప్పుతాది, ఆయిలు గేర్‌బాక్సుని తిప్పుతాది. అంతేకాదు, లోపల గేర్లు మార్చే చిన్న చిన్న క్లచ్‌లని గట్టిగా నొక్కి పట్టుకునేది కూడా ఆ ఆయిలు ప్రెషరే. ఇప్పుడు ఆయిలు తగ్గిందనుకో. చదునుగా ఉన్నప్పుడు పంపుకి ఎట్లో అందుతాది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిలు ఒక పక్కకి ఒరుగుతాది, పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తాది, ప్రెషర్ పడిపోతాది, క్లచ్‌లు జారతాయి, ఇంజను అరుస్తాది, బండి కదలదు. దానికి తోడు ఎండాకాలం మన కడప వేడి, ముందర లోడు లారీ పాకుతా ఉంటాది, దాని వెనక నీ బండి, ఆయిలు ఉడికిపోతాది. నువ్వు రాసింది అచ్చం దీనికి సరిపోతాది. లోపల క్లచ్‌లు అరిగిపోయినా ఇట్లనే చేస్తాది, కాదనను, కానీ ఆ మాట ఆయిలు చూసినాక చెప్పాల్సిన మాట.

ఆయిలు ఎట్ల చూడాల్నో చెప్తా, ఇంజను ఆయిలు చూసినట్టు పొద్దున్నే చల్లటి బండిలో చూస్తే తప్పు లెక్క వస్తాది. పది పదిహేను కిలోమీటర్లు తిప్పి, చదునైన చోట ఆపు. ఇంజను ఆడుతానే ఉండాల. హ్యాండ్‌బ్రేకు లాగి, బ్రేకు మీద కాలు గట్టిగా పెట్టి, లివర్ని పీ (పార్కింగు) నుంచి కిందిదాకా ఒక్కో స్థానంలో రెండు మూడు సెకన్లు ఆపుతా తీసుకపోయి, మళ్ళీ పీ లోకో ఎన్ (న్యూట్రల్) లోకో, బండి పుస్తకంలో చెప్పినట్టు తీసుకురా. ఇంకా ఇంజను ఆడుతుండగానే గేజి లాగి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి, లాగి చూడు. హాట్ అని గుర్తు ఉన్నకాడికి రావాల. తర్వాత ఆ చుక్కని ఒక తెల్ల గుడ్డ మీద వెయ్యి. ఎర్రగా, లేదా ఎర్రమట్టి రంగులో ఉంటే నీకు ఇంకా టైముంది. నల్లగా అయిపోయి మాడిన వాసన కొడితే లోపల క్లచ్‌లు కాలినాయని అర్థం. స్ట్రాబెరీ పాలు మాదిరి గులాబీ రంగులో నురగగా ఉంటే రేడియేటర్ లోపల కూలర్ లీకై కూలెంటు నీళ్ళు ఆయిల్లో కలిసినాయని, అప్పుడు బండి ఒక్క అడుగు కూడా తోలొద్దు.

తప్పనిసరై మీ నాయన ఘాట్ దాటి పోవాల్సి వస్తే, గువ్వలచెరువులో పాలకోవా అంగళ్ళ దగ్గర ఎట్లాగూ ఆపుతాడు గదా, ఒక పది నిమిషాలు నిలిపి బండి ముందుకు తీసి, నిలబెట్టిన చోట నేల చూడమను. ఎర్ర చుక్కలు పడుంటే డ్రైవ్ షాఫ్టు సీల్ దగ్గరో, ఆయిల్ పాన్ దగ్గరో, కూలర్ పైపుల దగ్గరో కారతాంది. సీల్ మార్చి, సరైన ఆయిలు నింపి చూసేది ముందు, గేర్‌బాక్సు విప్పేది తర్వాత. ఆ కాలం హ్యుందాయ్ 4 గేర్ల ఆటోమేటిక్‌లకి ఎస్‌పీ-3 రకం ఆయిలు వాడతారు, బండి పుస్తకంలో రాసుంటాది, అదే పోయించు. ఏదో ఒక ఎర్ర ఆయిలు పోస్తానంటే ఒప్పుకోవద్దు. ఇంకొకటి, కింద నట్టు విప్పి దించితే ఆయిలు సగం కూడా రాదు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉంటాది, అందుకే నింపి, కొన్ని రోజులు తిప్పి, మళ్ళీ దించి నింపాల, రెండు మూడు సార్లు చేస్తేగానీ కొత్త ఆయిలు అనిపించుకోదు. పాన్ విప్పితే లోపల అయస్కాంతం ఉంటాది, దానిమీద మెత్తటి బూడిదరంగు పేస్టు మాదిరి ఉంటే మామూలే, మెరిసే ఇనప ముక్కలు కనపడితే మాత్రం గేర్‌బాక్సు పని అయిపోవచ్చింది.

స్కానర్ పెట్టించడం కూడా వదలొద్దు. పీ07 తో మొదలయ్యే కోడ్‌లు వస్తే గేర్‌బాక్సు సంగతి. ఈ గేర్‌బాక్సుల్లో స్పీడ్ సెన్సారో, సోలనాయిడో (కరెంటుతో ఆయిలు దారి తెరిచి మూసే వాల్వు), గేర్‌బాక్సు మీద ఉండే గేరు స్విచ్చో, వైరింగో దెబ్బతింటే కంప్యూటరు భయపడి బండిని మూడో గేర్లోనే పట్టుకుంటాది, ఇంటికి చేరేదానికి మాత్రం పనికొచ్చేటట్టు. మూడో గేర్లో ఘాట్ ఎక్కితే ఏమవుతాదో నీకు చెప్పక్కర్లేదు. ఇట్లాంటిది ఒక సెన్సారు మార్చితే పోతాది, దానికోసం గేర్‌బాక్సే మార్పిస్తే ఎంత అన్యాయమో చూడు.

ఎదురింటాయన సెలేరియో సంగతి. ఆయన బండిది వేరే కథ. సెలేరియోలో 2014లో వచ్చింది ఏఎంటీ, అంటే లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సు, మామూలు క్లచ్ ప్లేటు, మన కాలూ చెయ్యీ చేసే పని పైన పెట్టిన ఒక యంత్రం చేస్తాది. దాంట్లో యంత్రం తీసి పెడలూ లివరూ పెట్టడం చిన్న పని అనను గానీ గేర్‌బాక్సు దించి పారేసే పని కాదు. నీది టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. రెండింటికీ పేరు ఒకటే, లోపల పోలిక లేదు. రెండు దినాల లెక్క నీ బండికి పనికిరాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, మార్చొచ్చా అని. మార్చొచ్చు. నేను మార్పించినాను కాబట్టి చెప్తాన్నా. అనంతపురంలో నాకు ఒక పాత సెడాన్ ఉండేది, ఆటోమేటిక్, నాకంటే ముందు తోలినాయన ఆయిలు ఎప్పుడూ మార్చినట్టు లేడు, కళ్యాణదుర్గం రోడ్డులో ఒకరోజు సాయంత్రం రివర్స్ తప్ప ఇంకేదీ పడలేదు. పాన్ విప్పితే ఇనప రజను చేతికి అంటుకొనింది. ఆ బండంటే నాకు శానా ఇష్టం, ఇంజను గడియారం మాదిరి ఆడేది, వదులుకోలేక మాన్యువల్‌కి మార్చాలని పట్టు పట్టినాను. మాకు తెలిసిన ఉస్తాదు ఒకాయన, ముప్పై ఏండ్ల అనుభవం, ఒక్క మాట అన్నాడు, "గేర్‌బాక్సు కొనాకు, బండి కొను". అప్పుడు అర్థం కాలేదు.

అర్థమయ్యేటట్టు నీకు చెప్తా. నీకు 30 వేలు అన్నోడు గేర్‌బాక్సుని లెక్కేసినాడు, మిగిలినవి లెక్కేసినట్టు లేదు. ఆటోమేటిక్‌లో ఇంజను వెనక ఫ్లైవీల్ ఉండదు, పలచటి డ్రైవ్ ప్లేటు ఉంటాది, కాబట్టి ఫ్లైవీల్ కావాల, దానికి బోల్టులు కావాల, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఫోర్కు కావాల. బ్రేకు పెడల్ వెడల్పుగా ఉండేది తీసి, రెండు పెడళ్ళ సెట్టు మొత్తం వెయ్యాల. క్లచ్ కేబుల్ది అయితే కేబులు, ఆయిల్‌ది అయితే పైన సిలిండరు, కింద సిలిండరు, మధ్య పైపు. గేర్ లివరు, దానికి పోయే కేబుల్లు, చుట్టూ ఉండే కన్సోలు. గేర్‌బాక్సు మౌంటింగులూ వాటి బ్రాకెట్లూ వేరే. డ్రైవ్ షాఫ్టులు పొడవులో తేడా ఉండొచ్చు, పళ్ళల్లో తేడా ఉండొచ్చు. స్టార్టర్ మోటారు కొన్ని బండ్లకి ఒకటే, కొన్నిట్లో వేరే. స్పీడోమీటరుకి సిగ్నల్ ఇచ్చే సెన్సారు, రివర్స్ లైటు స్విచ్చి. రేడియేటరుకి పోయే ఆయిలు పైపులు మూసెయ్యాల, లేదంటే మాన్యువల్ రేడియేటరే వెయ్యాల. ఇన్ని సామాన్లు ఒక్కొక్కటీ ఒక్కో అంగట్లో ఏరుకుంటే, ఒకటి 2009 బండిది, ఇంకొకటి 2012 బండిది, ఏదో ఒకటి తగులుకోదు, బండి షెడ్డులో పైకెత్తి పెట్టి ఉంటాది, నువ్వు బస్సుల్లో తిరుగుతా ఉంటావు. నాకు అదే అయింది. ఉస్తాదు మాట వినకుండా బెంగళూరులో గేర్‌బాక్సు ఒకటి తెచ్చినాను, అమ్మినాయన "సేమ్ సార్, కండ్లు మూసుకోని వెయ్యండి" అన్నాడు. ఉస్తాదు కింద పడుకోని ఒక దారం తీసుకోని కొలిచి చూసినాడు, ఎడమ షాఫ్టు రెండు వేళ్ళంత పొట్టి. ఆ దారం పట్టుకోని బయటికొచ్చి నా చేతిలో పెట్టినాడు, ఏమీ అనలేదు. ఆ తర్వాత వెనక గుద్దించుకున్న అదే మోడల్ మాన్యువల్ బండి ఒకటి సామాన్ల కోసం మొత్తంగా కొన్నాము, దీన్నే డోనర్ బండి అంటారు, ముందర భాగం చెక్కు చెదరకుండా ఉండేది. అప్పుడుగానీ పని నడవలేదు.

ఆ పనిలో ఒక సంగతి నా కండ్లముందే ఉంటాది. ఫ్లైవీల్ బిగించేటప్పుడు షెడ్డులో పిల్లోడు డ్రైవ్ ప్లేటు నుంచి ఊడదీసిన పాత బోల్టులే ఎక్కిస్తాండాడు. రెండు ఎక్కినాయి కూడా, చక్కగా తిరిగినాయి. ఉస్తాదు చూసి ఆపించి, పాతదొకటి డోనర్ బండిదొకటి అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించినాడు. పాతది వేలిగోరంత పొట్టి. పలచటి ప్లేటుకి ఆ పొడుగు సరిపోయింది, లావు ఫ్లైవీల్‌కి అది వేస్తే క్రాంకులో నాలుగు చుట్లు కూడా పట్టదు. అది ఊడినరోజు ఫ్లైవీల్ గేర్‌బాక్సుని పగలగొట్టుకొని కాళ్ళ మీదికి వస్తాది. నీ బండి ఎవరు చేసినా ఈ బోల్టులు డోనర్‌వో, కొత్తవో వెయ్యమని నువ్వే నిలబడి చెప్పు. ఫ్లైవీల్‌ని లేత్ పట్టించు. గేర్‌బాక్సు దించినప్పుడే క్రాంకు వెనక ఆయిల్ సీల్ మార్పించు, దానికోసం మళ్ళీ దించాలంటే కూలి మళ్ళీ ఇయ్యాల. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య రెండు చిన్న డవెల్ పిన్నులు ఉంటాయి, అవి పోయినా బోల్టులతో బిగిసిపోతాది గానీ గేర్‌బాక్సు వెంట్రుకంత పక్కకి కూర్చుంటాది, కొన్నాళ్ళకి ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు ఏడుపు మొదలవుతాది.

ఇనప పని ఇంతే, శ్రమ ఉంటాది గానీ తెలిసినోడు చేస్తే అయిపోతాది. బండ్లు ఆగిపోయేది వైరింగులో. ఆటోమేటిక్ బండి కంప్యూటరుకి గేర్‌బాక్సుతో మాట్లాడే అలవాటు, గేర్‌బాక్సు తీసేస్తే అది రోజంతా వెతుక్కుంటానే ఉంటాది, ఇంజను లైటు వెలుగుతాది, ఐడిల్ సరిగ్గా ఉండదు, ఒక్కోసారి పికప్ కట్ చేసేస్తాది. కాబట్టి మాన్యువల్ బండి కంప్యూటరే వెయ్యాల. అది వేస్తే దానికి నీ తాళంచెవి తెలీదు, దొంగతనం ఆపే ఇమ్మొబిలైజరు అడ్డం పడతాది, స్టార్టే కాదు. అందుకే కంప్యూటరు, ఇమ్మొబిలైజరు, తాళంచెవి మూడూ ఒకే డోనర్ బండివి తీసుకోవాల, లేదంటే కొత్తగా కలిపించుకోవాల. గేర్‌బాక్సు ఒక్కటే తెచ్చి మూడు రోజుల్లో ఇస్తానన్నోడికి ఇదంతా తెలుసో లేదో అడుగు, "ఈసీఎం ఏం చేస్తావన్నా?" అని ఒక్క ప్రశ్న అడుగు (ఈసీఎం అంటే ఆ కంప్యూటరే), జవాబుని బట్టి మనిషి అర్థమవుతాడు.

ఇంకొకటి ప్రాణం మీదికి వచ్చే సంగతి. ఆటోమేటిక్ బండి పీ లోనో ఎన్ లోనో ఉంటేనే స్టార్ట్ అవుతాది, దానికి గేర్‌బాక్సు మీద ఒక స్విచ్చి ఉంటాది. గేర్‌బాక్సు తీసేస్తే ఆ స్విచ్చీ పోతాది, స్టార్టర్ తిరగదు. మా బండికి వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్ ఆ రెండు వైర్లని మెలేసి టేపు చుట్టేసినాడు, పని అయిపోయిందన్నాడు. మరుసటి రోజు పిల్లోడు బయటి నుంచే చెయ్యి పెట్టి తాళం తిప్పినాడు, బండి గేర్లో ఉంది, ఎగిరి ముందుకు దూకి బల్లని గుద్దింది. బల్లకీ బండికీ మధ్య ఎవరన్నా నిలబడుంటే? ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ వైర్లని క్లచ్ పెడల్ దగ్గర స్విచ్చి పెట్టి దాంట్లోంచి తీసుకరావాల, క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యేటట్టు. స్విచ్చి ఖరీదు ఎంతని! వేసేదాకా బండి ఇంటికి తేవద్దు.

హ్యాండ్‌బ్రేకు కూడా అంతే. ఆటోమేటిక్ తోలేటోళ్ళు పీ లో వేసి దిగిపోతారు, హ్యాండ్‌బ్రేకు లాగే అలవాటు శానామందికి ఉండదు, ఏండ్ల తరబడి లాగక కేబులు లోపలే తుప్పు పట్టి బిగుసుకుపోతాది. మాన్యువల్ చేసినాక పీ లేదు గదా, ఎత్తు మీద నిలబెట్టేది ఆ కేబులే. మేము మొదటిసారి బండి తీసుకోని పెనుకొండ కొండమీదికి పోయినప్పుడు ఎక్కుడులో ఆపినాను, హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగినా బండి మెల్లిగా వెనక్కి జారతాంది, మా ఆవిడ గబగబా దిగి టైరు వెనక రాయి పెట్టింది. నీ దావలో గువ్వలచెరువు ఘాట్ ఉంది కాబట్టి ఇది నీకు ఇంకా ముఖ్యం, గేర్‌బాక్సుతో పాటే హ్యాండ్‌బ్రేకు కేబుల్లు, వెనక బ్రేకు షూలు చూపించు.

ఖర్చు విషయానికి వస్తే, మా బండికి చివరాఖరికి ఉస్తాదు మొదట్లో అనుకున్నదానికి రెండింతలకి దగ్గరగా అయింది, డోనర్ బండిలో మిగిలిన సామాన్లు అమ్ముకున్నాక కూడా. మూడు రోజులు అనుకున్నది నెల దాటింది. అయినా ఆ బండి ఆ తర్వాత ఐదేండ్లు తోలినాను, ఎత్తుల్లో రెండో గేర్లో అది గుంజుతాంటే సంతోషంగా ఉండేది, అది అబద్ధం చెప్పను. నేను ఊరికే వద్దనే మనిషిని కాను. సరైన డోనర్ బండి దొరికి, వైరింగు తెలిసినోడు దొరికి, తోలేటోళ్ళకి క్లచ్ ఇష్టమైతే అది మంచి పనే.

కాగితాల సంగతి. ఇది శానామంది వదిలేస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినదానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. చట్టానికి ఒప్పుకోని మార్పు చేస్తే 182ఏ సెక్షను కింద ఒక్కో మార్పుకి 5000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. అదే మోడల్‌లో కంపెనీయే మాన్యువల్ కూడా అమ్మింది గదా అని నువ్వు అనొచ్చు, ఆ మాట షెడ్డులో కాదు, ఆర్టీవో ఆఫీసులో అర్జీ పెట్టి అడుగు, పని మొదలుపెట్టకముందే, జవాబు రాతలో తీసుకో. నీ ఆర్‌సీలో మోడల్ పేరు పక్కన ఏటీ (ఆటోమేటిక్) అని ఉందా చూడు. ఇన్సూరెన్సు వాళ్ళకీ రాసి తెలియజెయ్యి. పాలసీలో ఆటోమేటిక్ అని ఉండి, యాక్సిడెంటు రోజు సర్వేయరు వచ్చి చూస్తే లోపల మూడు పెడళ్ళు ఉంటే క్లెయిము దగ్గర చిక్కు వస్తాది. దానికి తోడు నీది 2011 బండి, 2026లో 15 ఏండ్లు నిండుతాయి, ఆర్‌సీ మళ్ళీ రెన్యువల్ చేయించాల, ఫిట్‌నెస్‌కి బండి చూపించాల, 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 5000 చేసినారు. మార్పు చేసిన బండిని ఇన్‌స్పెక్టరు ముందర పెట్టి ఏం చెప్పాలో ముందే ఆలోచించుకో. డోనర్ బండి కొంటే దాని కాగితాలు కూడా నీ బాధ్యతే, అమ్మినోడి నుంచి రాయించుకో, విప్పేసినాక ఆ ఆర్‌సీ రద్దు చేయించు, చట్టం 14 రోజుల్లో తెలియజెయ్యమంటాది. స్క్రాపులో గేర్‌బాక్సు కొన్నా బిల్లు లేకుండా కొనొద్దు, దొంగ బండి సామాను కావొచ్చు.

ఆర్‌సీ ఖర్చులు, బండి వయసు లెక్కేసి చూస్తే లక్షా పదివేల బండికి 75 వేలు ఎందుకు పెట్టాలని నీకు అనిపించడం న్యాయమే. కానీ నీకు ఆ రెండు షెడ్డులూ చెప్పని మూడో దావ ఒకటుంది. పాత గేర్‌బాక్సు పూర్తిగా పోయిందని ఆయిలూ స్కానరూ రెండూ చెప్తే, అదే మోడల్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి వేయించు. ఆటోమేటిక్‌కి ఆటోమేటిక్, పెడళ్ళు మార్చేది లేదు, కంప్యూటరు మార్చేది లేదు, ఆర్టీవో దగ్గరికి పోయేది లేదు. మన జిల్లాల్లో అవి దొరకడం కష్టం, మనవాళ్ళు అప్పట్లో ఆటోమేటిక్‌లు తక్కువ కొన్నారు. ట్రాఫిక్ భరించలేక అవి కొన్నది బెంగళూరోళ్ళు, కాబట్టి వెతికితే ఆడ శివాజీనగర్ గుజిరీలో (పాత సామాన్ల బజారు) వెతకాల, రాయచోటి, మదనపల్లె మీద పోతే పొద్దున పోయి రాత్రికి రావొచ్చు. ఒక్కడివే పోవద్దు, మెకానిక్‌ని వెంటబెట్టుకోని పో, అతని బస్సు చార్జీ, భోజనం నువ్వే పెట్టుకో. ఇంకా బండిలోనే ఉన్న గేర్‌బాక్సు దొరికి, స్టార్ట్ చేసి గేర్లు పడేది చూడగలిగితే అంతకంటే మేలు లేదు. విప్పి పెట్టింది అయితే లోపల మిగిలిన ఆయిలు నాలుగు చుక్కలు ఒక కాగితం మీద పోసి రంగు చూడు, వాసన చూడు, బిల్లు మీద ఇన్ని రోజుల్లో పని చేయకపోతే వాపసు అని రాయించుకో. కన్వర్టరు దాంతో పాటే తీసుకో, పాత కన్వర్టరులో మాడిన ఆయిలు, రజను ఉంటాది, అది మళ్ళీ తగిలిస్తే కొత్తగా తెచ్చింది కూడా పాడవుతాది. రేడియేటర్ కూలర్ పైపుల్ని కడిగించు.

ఇప్పుడు మోకాలు. తమ్ముడూ, కడప నుంచి రాయచోటి పోయేటప్పుడు ఒకసారి మీ నాయన పక్కన కూర్చోని, మాన్యువల్ అయ్యుంటే క్లచ్ ఎన్నిసార్లు తొక్కాల్సి వచ్చేదో వేళ్ళ మీద లెక్కపెట్టు. ఊరు దాటేలోపల సిగ్నళ్ళు, సర్కిళ్ళు. ఘాట్‌లో లారీ వెనక ఒకటో గేరు, రెండో గేరు, మళ్ళీ ఒకటి, లారీ ఆగితే ఆగాల, ఎత్తు మీద సగం క్లచ్ మీద బండిని నిలబెట్టాల. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, వారానికి మూడు రోజులు. అదంతా ఎడమ మోకాలి మీదనే. మనకి లైసెన్సులో ఆటోమేటిక్ వేరే మాన్యువల్ వేరే అని లేదు, ఎల్ఎంవీ (కార్ల లైసెన్సు) ఉంటే రెండూ తోలొచ్చు, కాబట్టి చట్టం ఆయన్ని ఆపదు. మోకాలే ఆపుతాది. సగం క్లచ్ మీద ఉన్నప్పుడు నొప్పి సర్రున వచ్చి కాలు జారితే బండి వెనక్కి పోతాది, వెనక ఏముందో మనకి తెలీదు. మన నాయనలు నొప్పి అని చెప్పరు కూడా. నువ్వు డబ్బు మిగిల్చినావని సంతోషపడి, "నేను తోలుతాలే" అంటాడు. రాత్రి మీ అమ్మ నూనె రాస్తా ఉంటే నీకు తెలుస్తాది.

ఆయన తోలే బండికి క్లచ్ పెట్టొద్దు. నా జవాబు అదే. నువ్వు ఒక్కడివే తోలే బండి అయ్యుంటే, ఆర్టీవో దగ్గర చిక్కు లేదని తేలితే, డోనర్ బండి వెతకమనేవాణ్ణి, ఉస్తాదుని కూడా నేనే పరిచయం చేసేవాణ్ణి.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. జబ్బు ఏందో తేలేంతవరకు ఘాట్ మీద బండి తీసుకపోవద్దు, మీ నాయనని ఈ వారం బస్సులో పంపు, రాయచోటికి కడప నుంచి బస్సులు ఉండనే ఉన్నాయి. తప్పనిసరిగా తీసుకపోవాల్సి వస్తే డీ (మామూలు డ్రైవ్) లో పెట్టి బలవంతంగా తొక్కకుండా కింది గేరు స్థానంలో పెట్టి నిదానంగా ఎక్కమను, వాసన వస్తే ఆపమను. ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే బండిని కొంచెం తిప్పి, పైన చెప్పినట్టు ఆయిలు చూడు, తెల్ల గుడ్డ మీద చుక్క వేసి ఫోటో తియ్యి, గేజి మీద ఆయిలు ఎంతవరకు వచ్చిందో ఇంకో ఫోటో తియ్యి, స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకో. మూడూ నాకు పంపు. ఆయిలు తక్కువై ఎర్రగానే ఉంటే ఏ సీల్ నుంచి కారతాందో ఎట్ల పట్టుకోవాల్నో రాస్తా. నల్లగా ఉంటే గుజిరీలో ఏమేం చూడాల్నో ఇంకా వివరంగా రాస్తా, 75 వేలు అన్న షెడ్డుకి మాత్రం ఆ లోపల అడ్వాన్సు ఇయ్యొద్దు.